మా మేడం చెప్పింది అది కాదు

మా జువాలజీ మేడం పోయారు. బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వడ్డిస్తుండగా ఫోన్ వచ్చింది. బుక్కరాయసముద్రంలో తన ఇంట్లోనే, పొద్దున కాఫీ తాగి పేపరు చదువుతూ కుర్చీలో పక్కకు ఒరిగిపోయారట. అంత కోపిష్టి మనిషికి ఇంత నెమ్మదైన చావు ఎలా వచ్చిందో నాకు తెలియదు. బహుశా ఆ పేపర్లో ఏదో తప్పు చూసి, దాని మీద ఎవరికో ఫోన్ చెయ్యాలని అనుకుంటూనే పోయి ఉంటారు.

ఏడవాల్సిన వేళ నాకూ ఆమె కోపమే వచ్చింది. కాలేజీలో సంతాప సభ పెట్టారు. గేటు పక్కన మేడం ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫోటో బాగుంది. దాని కింద ఇలా రాశారు: ‘మేనరికాల వల్ల పిల్లలకు క్యాన్సర్ వస్తుందని మన కళ్లు తెరిపించిన మేడం గారికి అశ్రునివాళి.’

మేడం ఆ మాట అనలేదు. ఒక్కనాడూ అనలేదు. అనలేదని చెప్పడానికి ఎండలో బస్సులు మారి ముదిగుబ్బ పక్కన మా ఊరికి వచ్చారు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ క్యాన్సర్ వచ్చింది నా కూతురికి. మేనరికం నాది.

ఇంటర్లో ఆమె క్లాసులో కూర్చున్న ఆడపిల్లల్లో చాలామందికి అప్పటికే మేనమామలు ఖాయమై ఉన్నారు. నాకూ అంతే. మా అమ్మ తమ్ముడికే నన్ను ఇవ్వాలని అవ్వ ఎప్పుడో తీర్మానించేసింది. అవ్వ అంటే మా అమ్మ తల్లి. పెళ్లయ్యాక నాకు అత్త అయింది కానీ, నేను అవ్వా అనే పిలుస్తాను. ఆయన్నీ చిన్నప్పుడు పిలిచినట్టు మామా అనే పిలుస్తాను. మా వైపు ఇందులో వింతేమీ లేదు. అత్తగారింట్లో అవ్వే ఉంటే పిల్ల ఏడవదని పెద్దల లెక్క.

మేడం బోర్డు మీద వంశవృక్షం గీసి చెప్పేవారు. దగ్గరి రక్తంలో పెళ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ దాగిన ఒకే లోపం బిడ్డలో కలిసి బయటపడే అవకాశం పెరుగుతుందనీ, కొన్ని రకాల చెవుడు, కొన్ని రక్తపు జబ్బులు అలా వస్తాయనీ చెప్పేవారు. పెరుగుతుంది అన్నారు. వచ్చి తీరుతుంది అనలేదు. ఆ తేడా కోసం ఆమె ప్రాణం పెట్టేవారు. ‘‘అందరికీ వస్తాదని రాసినోళ్లకు సున్నా. ఎవురికీ రాదని రాసినోళ్లకూ సున్నానే’’ అనేవారు. ఎవరైనా అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోతే ‘‘తెలీదు. చదువుకొని వస్తా’’ అని గట్టిగా, క్లాసంతా వినేలా చెప్పేవారు. మరునాడు చదువుకొని వచ్చేవారు కూడా. మా కాలేజీలో తెలీదు అనే మాట అంత దర్జాగా పలికిన లెక్చరర్ ఇంకొకరు లేరు.

నా పెళ్లి ఆపాలని ఆమె మా ఇంటికే వచ్చారు. చేతిలో నల్ల గొడుగు. మా వైపు గొడుగు ఎండకే, వాన కోసం దాన్ని కొన్నవాళ్లు లేరు. అవ్వ అరుగు మీద విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది.

‘‘అవ్వా, ఈ పిల్ల బాగా చదువుతాది. ఇంకా చదవనీ. ఇంట్లో ఇంట్లోనే చేసుకుంటే పిల్లలకు కొన్ని జబ్బులు వచ్చే దారి ఉంటాది. వస్తాయని అంటా లేను. దారి ఉంటాదంటాండా.’’

‘‘మా యమ్మనూ మేనమామకే ఇచ్చినారు, నన్నూ మేనమామకే ఇచ్చినారు. మేమేమన్నా కుంటోళ్లమా, గుడ్డోళ్లమా? పో పో మేడమ్మా, నీ పని చూసుకో.’’

అమ్మ లోపలినుంచి తెచ్చిన మజ్జిగను మేడం నిలబడే తాగి, ‘‘చెప్పాల్సింది చెప్పినా. పిల్ల మీద కోపం పెట్టుకోవాకండి’’ అని వెళ్లిపోయారు. వీధంతా విన్నది. విన్నది సరే, గుర్తుపెట్టుకున్నది మాత్రం వేరే. మేడం ఏదో శాపం పెట్టి పోయినట్టు గుర్తుపెట్టుకున్నారు.

పెళ్లయింది. కూతురు పుట్టింది. చక్కగా పెరిగింది. ఐదో తరగతిలో ఉండగా కుడికాలి పిక్కలో గట్టిగా ఒక గడ్డ తేలింది. ఖోఖోలో పడి ఉంటుందనుకున్నాం. పసరు కట్టు కట్టించాం. గడ్డ తగ్గలేదు, పెరిగింది. అనంతపురంలో చూపించాక బెంగళూరు పొమ్మన్నారు.

అక్కడ పెద్ద డాక్టరు బిడ్డ కాలు చూశాడు. తల ఎత్తకుండా అడిగాడు. ‘‘మేనరికమా?’’

‘‘అవును సార్’’ అన్నాడు మామ.

డాక్టరు తలూపి రాసుకున్నాడు. అంతే.

అడగడం తప్పని అనను. పిల్లల జబ్బులకు ఆ ప్రశ్న అందరినీ అడుగుతారు. కానీ ఒక తల్లినీ తండ్రినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని అడిగి, తలూపి, ఆ తలూపుడుకు అర్థమేమిటో చెప్పకుండా తర్వాతి పేషెంటును పిలవడం తప్పు. ఆ తలూపుడు నా మీద తీర్పయింది. దాన్ని బస్సులో ఊరి దాకా మోసుకొచ్చాం.

పరీక్షలు అయ్యాక జబ్బు పేరు చెప్పారు. ర్యాబ్డోమయోసార్కోమా. పిల్లలకు కండరంలో వచ్చే క్యాన్సర్. గడ్డ ముక్కను ఇంకో పరీక్షకు పంపితే ఫ్యూజన్ పాజిటివ్ అని వచ్చింది. ఒక కుర్ర డాక్టరు నడుస్తూ నడుస్తూనే వివరించాడు. రెండో క్రోమోజోము, పదమూడో క్రోమోజోము తెగి ఒకదానికొకటి అతుక్కున్నాయి, జీన్స్‌లో తేడా, అన్నాడు. వరండా మలుపు తిరిగిపోయాడు.

అతుక్కోకూడనివి రెండు అతుక్కున్నాయని మామ ఇంట్లో చెప్పగానే పెద్దవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకేం కావాలి వాళ్లకు? అక్క బిడ్డనే తమ్ముడికి కట్టబెట్టి ఒకే రక్తాన్ని అతికించాం కదా, అదే డాక్టర్లు మిషన్లో చూసి కనిపెట్టారని తేల్చేశారు. ‘‘ఆ పొద్దే చెప్పింది గదప్పా ఆ మేడము’’ అన్నారు, మేడం మాటను అప్పుడు చెవిన పెట్టనివాళ్లే. అందరికంటే గట్టిగా అరిచింది అవ్వ.

‘‘దీని కడుపే అట్లాంటిది. రక్తంలోనే ఉన్నేదానికి మందు ఏం చేస్తాది? బిడ్డను సూదులతో పొడిపించి పొడిపించి ఎందుకు చంపల్ల?’’

మొదటిసారి మందు ఎక్కించుకొని వచ్చాం. రెండోసారికి పోవాల్సిన రోజు వచ్చింది, పోయింది. మామ బ్యాగు సర్దలేదు. బిడ్డ మంచం మీద వాంతులు చేసుకుంటూ పడి ఉంది, ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరు.

ఎవరు చెప్పారో మేడానికి తెలిసింది. గొడుగు పట్టుకొని దిగారు. ‘చెప్తే విన్యారా’ అంటుందేమో చూద్దామని వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చింది. మేడం కూర్చుని రిపోర్టు మొదటినుంచి చివరిదాకా చదివారు. తలెత్తి, ‘‘ఇది నాకు పూర్తిగా తెలీదు. చదువుకొని వస్తా’’ అన్నారు. రిపోర్టును ఫోన్లో ఫోటో తీసుకొని తర్వాతి బస్సుకే వెళ్లిపోయారు. వచ్చినవాళ్ల ప్రాణం ఉసూరుమంది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. తన దగ్గర చదివి క్యాన్సర్ డాక్టరైన ఒకాయనతో గంటలకొద్దీ మాట్లాడి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

‘‘నా పేరు చెప్పి ఈ పిల్లను పీక్క తింటాండారంట. ఎవరప్పా అది?’’

గొడుగు కొనతో వాకిట్లో ఒక్కొక్కరినీ చూపిస్తూ పోయారు.

‘‘నేను చెప్పింది వేరే. ఇది వేరే. నేను చెప్పిన జబ్బుల్లో లోపం అమ్మలో ఉంటాది, నాయనలో ఉంటాది. ఈ అతుకు వాళ్లిద్దరిలో లేదు. బిడ్డ ఒళ్లంతా కూడా లేదు. గడ్డలో మాత్రమే ఉండాది. ఆ పిక్కలో యాడో ఒక కణంలో దానంతట అది జరిగింది. కొన్ని క్యాన్సర్లు వంశంలో వస్తాయి, లేదనను. ఈ అతుకుతో వచ్చేది అట్లాంటిది కాదు. మేనరికం అనే మాటే తెలియని దేశాల్లో పిల్లోళ్లకు కూడా ఇదే రెండు, ఇదే పదమూడు.’’

‘‘మరి అతుక్కునేదేంది మేడమ్?’’ అన్నాడు మా పక్కింటి చిన్నాయన. ఆయనకు నీళ్లున్న బోరు ఒకటీ, ఎండిపోయిన బోర్లు చాలా ఉన్నాయి.

‘‘నీ తోటలో మోటరుకు స్టార్టరు పెట్టె ఉండాది గదా. దాని వైరు తెగి, పక్క తోట పెట్టె వైరూ తెగి, దీంది దానికి దాంది దీనికి అతుక్కుంటే ఏమైతాది?’’

‘‘నేను ఆఫ్ నొక్కినా నా మోటరు నిలబడదు.’’

‘‘అదే. ఆ కణం కొంచెం పెరిగి, ఆగి, కండ కావల్ల. దానికి ఆగమని చెప్పేది లేకపాయ. ఇంగ వైరు తెగినందుకు నీ పెండ్లి కారణమంటే ఒప్పుకుంటావా?’’

అన్ని రోజుల తర్వాత మా వాకిట్లో నవ్వు వినబడింది.

‘‘మరి ఎందుకు తెగింది మేడమ్?’’ అని నేనే అడిగాను.

‘‘తెలీదు. నాకే కాదు, ఇట్లా ఎందుకు తెగుతాదో పెద్ద పెద్దోళ్లకూ తెలీదు. కాబట్టి నీవల్ల అని ఎవురన్నా అంటే వాళ్లకూ తెలీదని అర్థం.’’

క్లాసులో విన్న ఆ పాత ‘తెలీదు’ ఆ రోజు నన్ను బతికించింది. ఇది మాట వరసకు అనడం లేదు.

బిడ్డ బతుకుతుందా అని మామ అడిగాడు. మేడం గొంతు తగ్గింది. ‘‘ఈ రకం మొండిది. మాటివ్వలేను నాయనా. కానీ రక్తంలో ఉండాది, మందు దండగ అనేది శుద్ధ అబద్ధం. మందు ఆపితే మాత్రం ఏమైతాదో నాకు తెలుసు.’’

తర్వాత ఆమె లోపలికి పోయి, గోడకు ఆనుకొని కూర్చున్న అవ్వ పక్కన, మోకాళ్లు పట్టుకొని మెల్లగా కూలబడ్డారు. అవ్వ వక్కాకు సంచి ముందేసుకొని అడకత్తెరతో వక్క కత్తిరిస్తోంది.

‘‘అవ్వా, ఈ పెండ్లి చేసింది నువ్వు. అందుకే అందరికంటే గట్టిగా అరస్తాండావు. వినుకో. నువ్వు కూడా చేయలేదు దీన్ని.’’

అడకత్తెర ఆగిపోయింది. అవ్వ నా మీద అరిచిన అరుపులన్నీ తన మీద తాను అరుచుకున్నవేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆమె ఏడవలేదు, క్షమాపణ అడగలేదు. ఒక ఆకు తీసి, సున్నం రాసి, వక్క పెట్టి మడిచి మేడం చేతిలో పెట్టింది. మేడానికి వక్కాకు అలవాటు లేదు. నోట్లో వేసుకొని కళ్లనీళ్లు తిరుగుతున్నా ఉమ్మకుండా నమిలారు.

మర్నాడే బెంగళూరు బస్సెక్కాం. మందులు, ఆపరేషను, మా వైపు కరెంటు పెట్టడం అనే రేడియేషను. బిడ్డ జుట్టంతా రాలి, మళ్లీ వచ్చింది. కొంచెం కుంటుతూ మళ్లీ బడికి పోయింది, ఆరో తరగతి పూర్తిగా చదివింది. మేడం బస్సు దిగడం చూస్తే ‘‘గొడుగు మేడమొచ్చె’’ అని కేకేసేది. ఇద్దరూ కూర్చుని బొరుగుల ఉగ్గాని తినేవారు. మేడం ఆమెతో జబ్బు సంగతి దాచకుండా మాట్లాడేవారు. ఒకరోజు బిడ్డ నా దగ్గరకొచ్చి, ‘‘అమ్మా, ఇది నీకు తెలీకుండా జరిగిందంట. నాకు కూడా తెలీకుండానే జరిగిందంట’’ అని చెప్పి ఆడుకోడానికి పోయింది.

ఆ మరుసటి ఏడు జబ్బు ఊపిరితిత్తుల్లో తిరగబడింది. నా బిడ్డ పోయింది. మందు లేకుండా మంచం మీదే పోవాల్సిన పిల్ల అన్ని రోజులు బడికి పోయి, పోట్లాడి, నవ్వి పోయింది. అది మేడం పెట్టిన భిక్ష. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆ రోజు మేడం నా పక్కన కూర్చుని ఒక్క మాటే అన్నారు. ‘‘ఎవురన్నా ఏమన్నా అంటే నాకు చెప్పు.’’

ఆ తర్వాత కూడా మేనరికాలు వద్దని ఆమె చెప్పడం మానలేదు. కానీ ఎక్కడ చెప్పినా చివర్లో మా సంగతి కలిపి చెప్పేవారు. ‘‘పాఠం సగం పట్టుకుపోయి ఎవురినన్నా కొడతారు. మిగతా సగం కూడా చెప్పి పంపల్ల’’ అనేవారు. విన్నవాళ్లు ఆ మిగతా సగాన్ని అక్కడే వదిలేసి పోయేవారని ఇప్పుడు ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే, మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఆ వాక్యం రాయించారు. మేడం ఉంటే మొదటి ఫోన్ ఆమెకే చేసేదాన్ని. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? అందుకే మీకు చెప్తున్నాను.

సభకు అవ్వ కూడా వస్తానంది. గేటు దగ్గర నేను నిలబడిపోవడం చూసింది. అవ్వకు చదువు రాదు.

‘‘ఏమి రాసినారే దాంట్లో?’’

చదివి వినిపించాను.

అవ్వ ఫ్లెక్సీ దగ్గరకు పోయి, నడుముకున్న సంచిలోంచి అడకత్తెర తీసి, కింది అంచు పట్టుకొని కొయ్యడం మొదలుపెట్టింది. సభ పెట్టినవాళ్లలో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

‘‘ఏమవ్వా, ఏం చేస్తాండావు? దుడ్లు పెట్టి చేయించినాం!’’

‘‘మొగం ముట్టుకోలేదు లేప్పా. అబద్ధం వరకే కోస్తాండా.’’

నేను ఇంకో అంచు గట్టిగా లాగి పట్టుకున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి వెనక్కి తగ్గాడు. ఈ చివరినుంచి ఆ చివరి దాకా వాక్యం మొత్తం ఊడి వచ్చింది. కింద అంచు వంకరటింకరగా మిగిలింది, పైన మేడం ముఖం.

షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అవ్వ ఆ పొడుగాటి ముక్కను మడిచి నేల మీద పరిచి, దాని మీద కూర్చుంది. స్టేజి మీద ఒకరి తర్వాత ఒకరు మేడం గొప్పతనం గురించి మాట్లాడుతున్నారు. అవ్వ సంచి విప్పి, ఫ్లెక్సీ పీలికలు అంటుకున్న అడకత్తెరను కొంగుతో తుడిచి, వక్క కత్తిరించుకోవడం మొదలుపెట్టింది.