రెండంగుళాల ఎత్తు

పాల్వంచలో భద్రాచలం బస్సు కోసం గంటా పది నిమిషాలు ఆగాల్సి వచ్చి, ఎండకు తాళలేక దగ్గర్లోని చర్చి హాల్లోకి వెళ్లాను. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి లోపల పొగ పెట్టారు. ఆ చీకట్లో బొగ్గుగని కార్మికుల టోపీ దీపాలు పదకొండు తీగలకు వేలాడుతున్నాయి. ఒక్కో దీపం వెలుగు ఆ పొగలో, చేత్తో పట్టుకోవచ్చేమో అన్నంత గట్టి దూలంలా నిలిచింది. గనిలో చనిపోయిన పదకొండు మందికీ ఎవరి నుదుటి ఎత్తులో వారి దీపం కట్టానని, ఆ ప్రదర్శన తయారుచేసిన అమ్మాయి చెప్పింది. కొలతలు ఎక్కడివని అడిగాను.

"నౌకరిల చేరినప్పటి కాగితాలల్లయి, పెద్దమ్మా."

ఐదో దీపం ముందు నిలబడ్డ ఒకావిడ ఇటు తిరిగింది. అది ఆమె భర్త దీపం.

"గిది తప్పు బిడ్డా. మా ఆయన నొసలు నా ముక్కు దాకనే వచ్చేది. పోయినంక పెరిగిండా ఏంది?"

"కాగితంల గంతే ఉందమ్మా."

"ఉంటది. ఎత్తు సాలకపోతే బొగ్గుబాయిల తీసుకోరని, కొలిచేటప్పుడు మునివేళ్ల మీద నిలబడ్డడు. రెండంగుళాలు దొంగెత్తు. నౌకరి వచ్చిందని వాడంతా మిఠాయి పంచిండు."

ముప్పై ఏళ్లు కాగితాల్లో అంకెలు సరిచూసిన నేనే వెళ్లి మూలనున్న స్టూలు తెచ్చిచ్చాను.

అమ్మాయి స్టూలెక్కి తీగ వదులు చేసింది. వెలుగు మెల్లగా ఆవిడ ముక్కు దాకా దిగింది.

"ఇంకా దించాల్నా?"

"సాలు," అందావిడ. "ఇగ మడమలు కింద పెట్టనియ్యి."