బాపయ్య మామ తారీఖులు

మా బాపయ్య మామకు ఒక జబ్బుంది. ఎవరి చేతిలోనైనా ఒక పని పెట్టాడంటే ఇక దాని గురించి అడగడు. అడిగితే ఎదుటి మనిషిని నమ్మనట్టేనని ఆయన లెక్క. ఒకసారి రాజురాలో దర్జీకి చొక్కా గుడ్డ ఇచ్చాడు, మా అక్క పెళ్లికి వేసుకుందామని. పెళ్లయిపోయి నెల దాటాక దర్జీయే కబురు పంపాడు, వచ్చి తీసుకుపొమ్మని. మామ పెళ్లంతా పాత చొక్కాతో తిరిగాడు గాని దర్జీ దుకాణం మెట్టెక్కలేదు. మేమంతా పడీ పడీ నవ్వాం.

ఆయన మా అమ్మకు అన్న. రాజురా తాలూకాలో, తెలంగాణ సరిహద్దు పక్కన, పత్తి పండించుకు బతికే మనిషి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడతాడు. చదవడం మాత్రం రెండూ అంతంత మాత్రమే. నా పేరు రాజేష్, గడ్‌చాందూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని.

ఊరికి పడమట మామకూ ఆయన చిన్నాన్న కొడుకు ఎల్లన్నకూ కలిపి ఒక చేను ఉండేది. పెద్దల కాలంలోనే నోటిమాటగా పంచుకుని, నడుమ గట్టు వేసుకుని, ఎవరి సగం వాళ్లు దున్నుకుంటున్నారు. సాత్‌బారాలో, అంటే భూమి ఎవరిదో చెప్పే సర్కారు కాగితంలో, చేను మొత్తం ఎల్లన్న పేరు మీదే ఉంది. ఎవరికీ పట్టలేదు. ఐదేళ్ల కిందట బొగ్గు గని కోసం ఆ భూములు తీసుకుంటారని తెలిసేసరికి అందరికీ పట్టింది. అంత చేనుకు గనిలో రెండు కొలువులు, అంటే సగానికి ఒకటి, ఇస్తారట. కాగితంలో పేరున్న వాళ్ల పిల్లలకే ఇస్తారట. ఎల్లన్నకు ఇద్దరు కొడుకులు. మామకు ఒక్కతే బిడ్డ, వనిత.

వనిత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసయింది. ఊళ్లో ఎవరింట్లో మోటరు కాలినా, మీటరు ఎగిరినా దాన్నే పిలుస్తారు. పుణెలో ఒక ఫ్యాక్టరీ రమ్మన్నా పోలేదు. ‘ఈ వానాకాలం లోపల కేసు తెగుతది బిడ్డా, గనిల కొలువొస్తది, ఇంటి మీది నుంచే పోయి రావచ్చు’ అని మామ అన్నాడు. ఆ మాట మీద ఆగిపోయింది. అప్పుడు దానికి ఇరవై ఆరు.

తన సగం తన పేరు మీద రాయాలని మామ చంద్రపూర్ కోర్టులో కేసు వేశాడు. మామ వకీలు ఓంప్రకాష్ సాహెబ్. వేసినరోజే కులపెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టారు. కోర్టు మాట కోర్టులోనే ఉండాలి, ఊళ్లోకి తేకూడదు, పెళ్లికీ చావుకీ ఒకరింటికి ఒకరు పోవడం మానకూడదు. మా దగ్గర ఇది కొత్త కాదు. దావా వేసుకున్న అన్నదమ్ములు ఒకే బస్సెక్కి కోర్టుకు పోతారు. మామ, ఎల్లన్న కూడా అట్లాగే పోయేవాళ్లు. కోర్టు ఆవరణలో ఒకే మూట విప్పుకుని జొన్నరొట్టె, పచ్చికారం తినేవాళ్లు. ఇట్లాంటి దాయాదులను చూసి నేను గర్వపడ్డ రోజులు కూడా ఉన్నాయి.

మూడేళ్ల కిందట ఎల్లన్న రావడం మానేశాడు. ‘మోకాళ్లు పట్టుకపోయినయ్ గావచ్చు, వాని వకీలే చూసుకుంటుండొచ్చు’ అన్నాడు మామ. అప్పటినుంచే ఎల్లన్న ఇంటినుంచి కొత్త కందులు రావడం మొదలైంది. వంకాయలు కాస్తే మొదటి కోత మామ ఇంటికే. తమ్ముడి మనసు మెత్తబడిందని మామ మురిసిపోయాడు.

వకీలు సాహెబ్‌ను ఆయన చూసింది తక్కువ. కోర్టు ఆవరణలోనే ఉన్న సాహెబ్ గది బయట బల్ల ఉంటుంది. మామ మిరపకాయల మూట ఒడిలో పెట్టుకుని దాని మీద కూర్చుంటాడు. మున్షీ, అంటే వకీలు గుమస్తా, ప్రమోద్ వచ్చి చిన్న చీటీ మీద పై వాయిదా తారీఖు రాసిస్తాడు. మూట ఇచ్చి, చీటీ జేబులో పెట్టుకుని మామ బస్సెక్కుతాడు. ఏమైందని అడిగితే ‘తారీఖు పడ్డది’ అంటాడు. ఇంకొంచెం గట్టిగా అడిగితే కోపం. ‘చేతుల పెట్టినంక అడుగుడేంది? పెద్ద కేసు, పెద్దగనే నడుస్తది.’

ఈ దీపావళి దాటాక, గనిలో ఆఖరి విడత కొలువులు ఇస్తున్నారని ఊళ్లో చాటింపు వేశారు. వనిత నాకు ఫోన్ చేసింది.

“బావా, ఈసారి నువ్వు నాయినతోని పో. బయట కూసోకు. లోపలికి పోయి అడుగు.”

పోయాను. ప్రమోద్ అలవాటుగా చీటీ తీశాడు. సాహెబ్ ఇంకా రాలేదన్నాడు. కేసు నంబరు చెప్పమన్నాను. అతని చెయ్యి ఆగింది. నంబరెందుకు అన్నాడు. ఊరికే అన్నాను. కాసేపు నా మొహం చూసి, ఫైలు తియ్యకుండానే, నోటికి చెప్పాడు. అన్ని ఫైళ్లున్న గదిలో ఆ ఒక్క నంబరు నోటికి ఎట్లా వచ్చిందో నాకు అప్పుడు తట్టలేదు.

కోర్టులో కేసుల వివరాలు చెప్పే కిటికీ దగ్గర ఉన్న ఆమె నంబరు కొట్టింది. తెర నా వైపు తిప్పి మరాఠీలో చెప్పింది. ఈ కేసు లేదు. వరసగా రెండు తారీఖులకు మీ వకీలు హాజరు కాలేదు. గైర్హాజరు కింద కొట్టేశారు. మూడేళ్లు దాటింది.

ఇంకోసారి చూడమన్నాను. ఆమె విసుక్కోకుండా ఇంకోసారి చూసింది. అదే.

మామ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒడిలో మూట. ఎట్లా చెప్పాలో తెలియక నేరుగా చెప్పేశాను. ఆయన నవ్వాడు. “వేరే ఎవలిదో చూసినవ్ రా. మొన్న వానాకాలంల గూడ తారీఖియ్యలే?” అన్నాడు. జేబులోంచి చీటీలు తీశాడు, రబ్బరు బ్యాండు వేసిన కట్ట. ఇవేంది మరి అన్నట్టు నా ముందు పట్టుకున్నాడు.

అప్పుడే సాహెబ్ వచ్చాడు. నేను గొంతు పెంచాను. ఆయన ఆశ్చర్యపోయాడు, ఉత్తుత్తి ఆశ్చర్యం కాదు. ప్రమోద్ వైపు తిరిగి, ఇంకా చెప్పలేదా అని హిందీలో అరిచాడు. మళ్లీ తెరిపించే అర్జీ పెట్టాలంటే వచ్చి నన్ను కలవమని చెప్పమన్నాను గదా అన్నాడు. ప్రమోద్ తల వంచుకున్నాడు. కొట్టేశారని తన నోటితో చెప్పలేకపోయాడట. సాహెబ్ తీరిగ్గా ఉండే రోజులు చూసి, అవే తారీఖులుగా రాసిచ్చాడట. ఈయన లోపలికి వచ్చి అడుగుతాడు, సాహెబే చెప్తాడు, తన మెడ మీద ఉండదు అనుకున్నాడట.

“ప్రతిసారి తలుపు తెరిచే పెట్టిన కాకా,” అన్నాడు మామతో, వచ్చీరాని తెలుగులో. “నువ్వు ఒక్కసారి గూడ లోపలికి రాలే.”

వాణ్ని కొట్టాలనిపించింది. సాహెబ్‌ను కూడా. అర్జీకి గడువు ఎప్పుడో దాటింది, అయినా చూద్దాం అంటున్నాడు సాహెబ్, పంఖా వేసుకుంటూ. మామ లేచి, మిరపకాయల మూట బల్ల మీదే వదిలి బయటికి నడిచాడు. మూడేళ్లు లేని కేసుకు తిరిగాడు మా మామ. ఈ మాట ఇప్పటికీ నా తలలోకి పూర్తిగా ఎక్కడం లేదు.

మామ బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా ఎల్లన్న ఇంటికి పోయాడు. కట్టుబాటు పెట్టాక మొదటిసారి ఊళ్లో కోర్టు మాట తీశాడు.

“ఎల్లన్నా, కేసు కొట్టేసిన్రట.”

ఎల్లన్న నోరు తెరిచాడు. “గిప్పుడు చెప్తున్నవేంది అన్నా? మూడేండ్లాయె గద. మా వకీలు చెప్పినరోజే నీ మరదలు ఏడ్సింది. అన్న మన పోరగాండ్ల కోసం ఇడిసిపెట్టిండని.”

తన పెళ్లాం సత్తమ్మను చూపిస్తూ అన్నాడు. ఆమె అప్పటికే మంచినీళ్లతో నిలబడి ఉంది. ఆమె వెనక, గడప పక్కన, కొత్త గనిబూట్లు, పసుపు హెల్మెట్ ఉన్నాయి.

“పెద్దోడు నా సగం మీద చేరె. చిన్నోడు సచిన్‌కు నీ సగం మీద వచ్చింది. పోయిన సోమారం డ్యూటీల చేరిండు,” అన్నాడు ఎల్లన్న. “నీ కాళ్లు మొక్కనీకి వస్తుంటే నేనే ఆపిన. కోర్టు మాట ఊర్లె తియ్యద్దని గద. నువ్వు ఇడ్వలేదా అన్నా? నాకు తెల్వదు. సత్తెంగ తెల్వదు.”

మామ గోడకు ఆనుకున్నాడు. కందులు, వంకాయలు ఎందుకు వచ్చాయో ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. ఎల్లన్న మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ మనిషి మాకన్నా ఎక్కువ బెదిరిపోయి ఉన్నాడు.

ఇంటికి పోయేసరికి వనిత పక్కింటి మిక్సీ బాగుచేస్తోంది. మా మొహాలు చూసి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. నేనే చెప్పాను. అంతా విని, తండ్రి ముందుకు పోయి కూర్చుంది.

“ఎన్నిసార్లు పోయినవ్ నాయినా?”

“ఇరవై రెండు గావచ్చు.”

“ఇరవై రెండుసార్లు పోయి, నా కోసమని ఒక్కపారి లోపలికి పోయి అడగలేకపోయినవా?”

“అడిగితె వాళ్లకు బాధైతదని బిడ్డా…”

“మరి నాకు?”

మామ నా వైపు చూశాడు, నేనేమైనా చెబుతానేమోనని. ఆ కేసు నంబరు నా ఫోన్లో కొట్టినా రెండు నిమిషాల్లో తెలిసేదట. మూడేళ్లలో మామను ఆ నంబరు నేను కూడా అడగలేదు. నేను తల దించుకున్నాను. వనిత మమ్మల్ని ఇద్దరినీ అట్లాగే చూస్తూ కూర్చుంది.