సోమశిల వాల్వు, మా అత్త చెవులు

పోయిన నెలలో హైదరాబాదులో ఒక మేడమీద గదిలో పాతికమంది కుర్రవాళ్లు చేరి నన్ను పిలిచారు. కుర్రవాళ్లంటే ముప్పై దాటినవాళ్లే, కాని ఈ మధ్య నాకు అందరూ కుర్రవాళ్లుగానే కనబడుతున్నారు. ఒక్కొక్కరి ముందు అరచేతిలో పట్టేంత యాంప్లిఫయరు, దాని నెత్తిన పాతకాలం రేడియోల్లో వెలిగే బొటనవేలంత గాజు వాల్వు, దాని నుంచి వైరు పట్టుకుని చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక వాల్వు పీకి ఇంకొకటి గుచ్చుతారు, కళ్లు మూసుకుని వింటారు, తల అడ్డంగా ఊపి మళ్లీ పీకుతారు. వంటింట్లో ఉప్పు చూసుకునే ఆడవాళ్ల ముఖాల్లో కూడా అంత దీక్ష నేను చూడలేదు. వాళ్లకు ఇంటర్నెట్టులో ఒక పత్రిక ఉంది. మొన్న అందులో నా మీద వ్యాసం వేశారు. ఆత్మకూరు బస్టాండులో కూర్చుని వంద వాల్వులు విని ఒక్కదాన్ని ఎంచిన మనిషినట, పుట్టుకతో వచ్చిన చెవి అట. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, నేను చెప్పిందే రాశారు. ఇన్నేళ్లుగా అడిగిన ప్రతివాళ్లకూ అదే చెబుతున్నాను. అవి వంద కావు, పదకొండు. ఎంచింది నేను కాదు. పుట్టుకతో వచ్చిన చెవి మాట మటుకు నిజమే, కాని అది నాది కాదు, మా మేనత్తది.

తొంభైల నడిమి కాలంలో ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకొక క్యాసెట్ల అంగడి ఉండేది. ఆ వ్యాపారం ఏమిటో ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. మనిషి తనకు కావలసిన పాటలు చీటీ మీద రాసుకొస్తాడు, మేము వాటిని వరుసగా ఖాళీ క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇస్తాము. చీటీ చూస్తే మనిషి బతుకు తెలిసిపోయేది. ఒక కండక్టరు రెండు పక్కలా ఒకటే పాట నింపమన్నాడు. పదహారుసార్లు పట్టింది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పని బాగానే ఉండేది కాని నా క్యాసెట్లే బాగుండేవి కావు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని పాడినట్టు ఉన్నాయని తెచ్చి బల్ల మీద పడేసేవాళ్లు. టేపురికార్డరులో టేపును తాకే హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది. అది వెంట్రుకవాసి పక్కకు తిరిగినా పాట మసకబారుతుంది. సరిచేయాలంటే శ్రద్ధగా వినాలి. ఉదయగిరి బస్సూ నెల్లూరు బస్సూ పోటీపడి హారన్లు కొట్టే చోట స్పీకరులో ఏం వినబడుతుంది? హెడ్‌ఫోన్లు పెట్టుకుందామంటే నా టేపురికార్డరు నుంచి వచ్చే శబ్దం దోమ పాడినట్టు ఉండేది. నాయన నాకు ఒక్క ఏడాది గడువిచ్చాడు. అది దాటితే అంగడి మూసి మెట్టపొలం దున్నడానికి వచ్చెయ్యాలి. అందులో ఎనిమిది నెలలు అయిపోయాయి.

అప్పుడు మా అత్త ఇంటికి పోయాను. మా నాయన చెల్లెలు ఆమె, ఉదయగిరిలో కాపురం. మామ అక్కడ మైకుసెట్టు నడిపేవాడు, రేడియోలు బాగుచేసేవాడు. పెళ్లిళ్లకూ చర్చి కూటాలకూ ఎన్నికలకూ ఇరవై ఏళ్లు హారను స్పీకరు పక్కనే నిలబడి నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాక చుట్టుపక్కల మైకుసెట్లవాళ్లు పారేసిన పాత వాల్వు సెట్లన్నీ ఆయన ఇంటికే చేరాయి. మామది శుభ్రమైన చెయ్యి. ఒకసారి క్రిస్మసుకు ఇల్లు సున్నం కొట్టించి, ఆ ఊపులో వాల్వులన్నిటినీ కుంకుడు రసంతో కడిగి ఎండబెట్టాడు. గాజు తళతళలాడింది, దాని మీద అచ్చువేసిన నెంబర్లూ తయారుచేసిన కంపెనీల పేర్లూ మొత్తం లేచిపోయాయి. లోపలి రేకులు చూసి ఏది ఏ జాతిదో చెప్పగలడు కాని ఎవరు చేసిందో చెప్పలేడు. అందుకని ఒక్కొక్కదాన్ని పేపరు ముక్కలో చుట్టి, ఏ ఊరి సెట్టులోంచి తీశాడో ఆ ఊరి పేరు రాసి కేకు డబ్బాలో దాచాడు. కలిగిరి, సీతారామపురం, సోమశిల, ఇలా పదకొండు. ప్రపంచంలో ఇంకెక్కడా వాల్వులకు ఊళ్ల పేర్లు ఉండవనుకుంటాను.

మామ రెండు వారాల్లో నాకు హెడ్‌ఫోన్ల కోసమని ఒక యాంప్లిఫయరు కట్టాడు. వెనక పెద్ద వాల్వులు రెండు, ముందు చిన్నది ఒకటి. శబ్దం మొదట చేరేది ఆ చిన్నదానికే గనక గుణమంతా దానిదే అన్నాడు. ఏది పెట్టాలో తేల్చడానికి ఆయనకు చెవులు లేవు. నాకు ఉన్నా, పదకొండూ ఒకటే మాదిరి వినబడ్డాయి. హాల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్త, ఇటు తెమ్మని చెయ్యి చాపింది. కొప్పు మీద హెడ్‌ఫోన్లు నిలవకపోతే పట్టీని గడ్డం కిందికి తిప్పి పెట్టుకుంది. పంటినొప్పికి కట్టు కట్టుకున్నట్టు ఉందని మామ నవ్వితే, నీకు వినపడేదానికి నువ్వు నవ్వు, నాకు వినపడేదానికి నేను నవ్వుతా అంది.

పెట్టిన టేపు మా ఉదయగిరి చర్చి కోయిరుది. అందులో అత్త పాడుతుంది, ఆమె పక్కన ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ పాడుతుంది. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా భుజం భుజం ఆనించి పాడుతున్నవాళ్లు. అత్త తన గొంతు జోలికి పోలేదు. తన గొంతు ఎట్లుంటుందో ఎవరికీ తెలియదనీ, పక్కనున్నవాళ్లదే తెలుస్తుందనీ, అందుకని టీచరమ్మను పట్టుకుని చూస్తాననీ అంది. ఉదయగిరిలో చేసే చెక్క స్పూను ఒకటి తీసుకుని ముందు ఒక్కో వాల్వునూ మెల్లగా తట్టింది. తట్టగానే చెవిలో గంట మోగినట్టు ఉంటే అది పనికిరాదు. అలా నాలుగు పోయాయి. మిగిలినవాటిని ఆర్పి, చల్లారనిచ్చి, మార్చి, మళ్లీ వేడెక్కేదాకా ఆగి, ఆ ఆగే సేపంతా గింజలు తీస్తూ విన్నది. కలిగిరి సంతలో అరిచినట్టు ఉందట. సీతారామపురం దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉందట. ఒకదానికి టీచరమ్మకు జలుబు చేసిందట. సాయంత్రానికి సోమశిల పెట్టాము. డ్యాములో ఊరు మునిగి వచ్చేసిన ఒక కుటుంబం మామకు ఇచ్చిపోయిన సెట్టులోది అది. నల్లబడిపోయి, చూడడానికి అన్నిటికంటే అధ్వాన్నంగా ఉంది. అత్త చేతిలో చింతపండు ఆగిపోయింది.

"ఇదిగో దొంగ ఊపిరి," అంది. "రెండో చరణంలో టీచరమ్మకు దమ్ము చాలదు. మాట నడిమధ్యలో ఎవురికీ తెలీకుండా కొంచెం పీల్చుకుంటాది. పక్కన నిలబడుకున్నదాన్ని, నాకు మటుకే తెలుసు. ఇందులో వినపడతా ఉండాది."

నేను పెట్టుకుని విన్నాను. నాకేమీ వినబడలేదు. తల మటుకు ఊపాను.

అంగడి నిలబడింది. అత్త ఒక ఆదివారం హెడ్డు మరను ఎంత తిప్పాలో కూడా చెప్పింది, ఆ చోట ఆమె గోళ్లరంగు చుక్క పెట్టాము. క్యాసెట్లు తేటగా వస్తున్నాయని పేరొచ్చింది. నెల్లూరులో రికార్డింగు స్టూడియో నడిపే ఒకాయన చెవినా అది పడి, ఏదో పెళ్లికి వచ్చినవాడు నా అంగట్లో దిగాడు. ఆ పొద్దు అత్త కంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఆత్మకూరు వచ్చి, స్టూలు మీద కూర్చుని నాకోసం తెచ్చిన క్యారియరు విప్పుతోంది. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు విని, ఈ వాల్వును ఎంచింది ఎవరని అడిగాడు.

"నేనే సార్," అన్నాను. "ఒక్కొక్కటే పెట్టి విని తేల్చినాను. వంద ఉంటాయి."

అడగని వంద ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఒంటరిగా నిలబడలేదు గనక తోడు పెట్టి ఉంటాను. అత్త గిన్నె మూత పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. ఈమె ఎవరన్నట్టు ఆయన చూస్తే, మా అత్త, కళ్లు చూపించుకోవడానికి వచ్చింది అన్నాను. ఆ పూట నేను ఆడిన నిజం అదొక్కటే. ఒక నెల తర్వాత నెల్లూరు వచ్చి పనిలో చేరమన్నాడు ఆయన. కోయిర్లూ హరికథలూ రికార్డు చేసే పని, చెవి ఉంటే ఉంచుకుంటాను, లేకపోతే వారానికే తిప్పి పంపుతాను అన్నాడు.

అత్త అన్నం పెట్టింది. వంకాయ కూర ఇంకొంచెం వెయ్యమంటే వేసింది. బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డప్పుడు అంది.

"నా చెవులు భలే అమ్ముకున్నావురా అబ్బయ్యా."

నేను ఆయనకు జాబు రాసి ఉన్నమాట చెప్పేస్తాను అన్నాను.

"ఏమని రాస్తావు? మా అత్తకు ఉద్యోగం ఇయ్యమనా?" బస్సు మలుపు తిరుగుతుంటే సంచి చంకన పెట్టుకుంది. "చెప్పింది చెప్పినావు. నెలన్నా ఉండాది. దాన్ని నిజం చెయ్యి. ఆదివారం గుడి అయినాక రా."

ఆ నెలలో నాలుగు ఆదివారాలే కాక, అంగడి మధ్యాహ్నానికే మూసి, యాంప్లిఫయరు సంచిలో వేసుకుని మామూలు రోజుల్లో కూడా పోయాను. మామ గుడ్డ కప్పి వాల్వు మారుస్తాడు, నేను విని ఊరి పేరు చెప్పాలి. అత్త ఒక్క ముక్క సాయం చెయ్యదు. తప్పు చెబితే తిట్టదు. అంచనాకు చెబితే మటుకు ఊరుకోదు. "తెలీకపోతే తెలీదను," అనేది. "ఉత్తిగనే పేరు చెప్పినావంటే గరిటె తిరగేస్తా." మొదటివారం నేను కలిగిరిని సీతారామపురమన్నాను, సీతారామపురాన్ని సోమశిల అన్నాను. లోకంలో లేని బస్సు రూటు వేస్తున్నావని మామ నన్ను వెక్కిరించాడు. రెండోవారం నుంచి నోరు తెరిస్తే తెలియదు అనే మాటే. అదే ముందడుగని అప్పుడు నాకు తెలియలేదు.

మూడోవారం అత్త టీచరమ్మను కాఫీకి పిలిచింది. చర్చిలో మగవాళ్లం ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటాము, అందుకని ఆమె పక్కన నిలబడి వినే అవకాశం నాకెప్పుడూ రాలేదు. మావాడు వింటాడు, ఒక్క చరణం పాడమంది అత్త. టీచరమ్మ సంతోషంగా నాలుగూ పాడింది. సంగతేమిటో ఆమెకు తెలియదు. రెండో చరణంలో, మాట నడిమధ్య, కొంగు కొస పెదవులకు తగిలినంత చప్పుడుతో ఆమె ఊపిరి పీల్చుకుంది. నేను అత్త వైపు చూశాను. అత్త కాఫీ చల్లారుస్తూ గోడ వైపు చూస్తోంది.

మరుసటి ఆదివారం మామ గుడ్డ కింద మూడు వాల్వులు మార్చాడు. మొదటి రెండింటికీ తెలియదన్నాను. మూడోదానిలో ఆ ఊపిరి వచ్చింది. అంతవరకూ ఒక గోడలా వినబడిన కోయిరు ఆ ఒక్క చిన్న సందు దగ్గర మనుషులుగా విడిపోయింది. ఇది మా అత్త, ఇది టీచరమ్మ, వెనక ఎవరో గొంతు సవరించుకుంటున్నారు, ఎక్కడో బెంచీ కిర్రుమంటోంది. నేను హెడ్‌ఫోన్లు తియ్యకుండానే సోమశిల అన్నాను. మామ గుడ్డ ఎత్తి చూసి గట్టిగా, తన చెవికి సరిపోయేంత గట్టిగా, అదే అన్నాడు. అత్త ఆ వాల్వును పేపరులో చుట్టి నా చొక్కా జేబులో పెట్టింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. నేను నెల్లూరు పోయాను. వినడానికి జీతమిస్తారా అని మా నాయనను ఊళ్లో చాలాకాలం ఎగతాళి చేశారు. వారం గడిచింది, ఉద్యోగం నిలిచింది. ఆ పనితోనే ఇల్లు కట్టాను, పిల్లలను చదివించాను.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. రెండేళ్లకు ఉదయగిరి కోయిరు మా స్టూడియోకే పాడడానికి వచ్చింది. మా ఓనరు అందరి ముందూ నా భుజం తట్టి, ఈ అబ్బాయికి చెవి పుట్టుకతో వచ్చింది అన్నాడు. అత్త రెండో వరసలో నిలబడి ఉంది. నేను నోరు తెరిస్తే చాలు, అప్పటికి ఉద్యోగం పోయే భయం కూడా లేదు. నేను వంగి మైకు ఎత్తు సరిచేశాను. పోయేటప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చి అడిగింది ఒకటే.

"టీచరమ్మది వినపడినాదా?"

"వినపడినాది అత్తా."

"తీసేసినావా?"

"లేదు, ఉంచినాను."

"మంచిపని చేసినావు," అని నా చెంప మీద చెయ్యేసి బస్సు ఎక్కింది. మామతో సహా ఎవరితోనూ ఆమె ఈ సంగతి అనలేదు. నాతో కూడా మళ్లీ అనలేదు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ సోమశిల వాల్వు ఎప్పుడో ఆరిపోయింది, దాని బదులు ఎన్నో వచ్చాయి.

ఆ పత్రికవాళ్లకు ఈ కాగితాలు పంపుతున్నాను, సవరించి వేసుకోమని. నేను ఆడిన అబద్ధాన్ని నాచేతనే నిజం చేయించడానికి మా అత్తకు ఒక నెల చాలింది. ఆ నిజం ఆమెదని చెప్పడానికి నాకు ఇంచుమించు ముప్పై ఏళ్లు పట్టింది.