మామ్మ పెట్టించిన సంతకం

మిడిల్ స్ట్రెయిట్ జెట్టీలో వాహనాల ఫెర్రీ తలుపు దించినప్పుడు ఒక వాసన వస్తుంది. మడ అడవి బురద, డీజిలు, తడిసిన ఇనుము, మూడూ కలిసిన వాసన. మాయాబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఆఫీసు పని మీద వెళ్లినప్పుడల్లా అక్కడ నా అరచేతులు చెమరుస్తాయి. ఈ ఉదయం జీపు అద్దం ముందే ఎత్తేసుకున్నాను. వాసన రానే వచ్చింది, దాని వెనకే మామ్మ.

మామ్మ అంటే మా నాన్నకు అమ్మ. శ్రీకాకుళం తీరం నుంచి పెళ్లికూతురుగా ఓడెక్కి మాయాబందర్ వచ్చింది. తాతయ్య సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. జెట్టీ పక్కన చేపలమ్మి ఇద్దరు కొడుకులను పెంచింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పెద్దకొడుకు, అంటే మా నాన్న, జ్వరంతో పోయాడు. మర్నాడు కూడా ఆమె అమ్మవారి పటం ముందు దీపం పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా ఎందుకు మామ్మా ఆవిడకి?"

"నీకు కోపమైతే నువ్వు పెట్టకు. నాకూ ఉంది కోపం. దీపం ఎట్టీసి, తరవాత తిట్టుకుంతాను."

నేను డిప్లొమా పూర్తిచేసిన ఏడాది మామ్మ కాలి పుండు నల్లబడింది. చక్కెర జబ్బు ముందే ఉంది, ఆ ఉదయం జ్వరం కూడా వచ్చింది. మాయాబందర్ డాక్టరు చూసి, ఇవాళే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లమన్నాడు. అంబులెన్స్ ఇంకొకరిని దించి రావడానికి గంటన్నర పడుతుందన్నారు. నేను కాగితం తీసుకుని దూరం, వేగం, ఫెర్రీ దాటే సమయం వరసగా రాశాను. ఆ తర్వాత జారవా ఆదివాసులుండే అడవి. అక్కడ మామూలు బళ్లను నిర్ణీత వేళల్లో, పోలీసు కాపలాతో, వరసగా మాత్రమే వదులుతారు. దాన్నే కాన్వాయ్ అంటారు. ఆ వేళా రాశాను. జీపు మాట్లాడుకుంటే గంటన్నర కలిసొస్తుందని తేలింది.

రాయనివి రెండున్నాయి. ఫెర్రీ దగ్గర బళ్ల బారు ఒకటి. అంబులెన్స్‌ను కాన్వాయ్ కోసం ఆపరన్నది రెండోది. పుట్టినప్పటి నుంచీ ఆ దారిలో తిరిగిన నాకు ఆ రెండూ తెలుసు.

ఆ బారులో ఆగి మేము ఫెర్రీ దిగేసరికి అడవి దారి గేటు పడిపోయింది. తర్వాతి కాన్వాయ్‌కి మూడు గంటలు. డ్రైవరు స్టీరింగ్ మీద చేతులు వదిలేశాడు. "భయ్యా, అంబులెన్స్ అయితే సీదా వదిలేద్దురు. జీపు ఎందుకు పెట్టారు?" గేటు దగ్గరి పోలీసు జాలిగానే చూశాడు. "పర్మిషన్ అడుగుతున్నా, రుకో," అని వైర్‌లెస్ పట్టుకున్నాడు. అవతలి నుంచి గరగర తప్ప మాట రాలేదు.

వెనక సీట్లో మామ్మ కాలు నా ఒడిలో ఉంది. గుడ్డ మీంచే వేడి తెలుస్తోంది. వాచీ చూస్తూ ఆమె ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది. మళ్లీ లెక్కపెడితే ముప్ఫై.

"ఏటి లెక్కెడతన్నావు?"

"నీ ఊపిరి."

"ఎక్కువొస్తే ఆపీమంతావేటి?"

నవ్వలేకపోయాను. ఆమె నా ముఖం చూసింది. "నొప్పి నాది, ఏడుపు ముకం నీది."

"భయం వెయ్యట్లేదా మామ్మా?"

"ఎయ్యదేటి? నానేటి రాయినా?" అని నా చెయ్యి పట్టుకుంది. అంత జ్వరంలోనూ ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. అన్నాళ్లూ ఆమెకు భయం లేదనుకున్నాను.

"అమ్మవారిని ఏమడిగావు?"

"కాలు ఉంచమని అడగనేదు. ఏది మిగిలిస్తే దాంతో బతకనీమన్నాను."

అనుమతి రాలేదు. మూడు గంటలూ అక్కడే గడిచాయి. సాయంత్రానికి ఆసుపత్రి చేరాం. మోకాలి పైదాకా తీసెయ్యాలి, వెంటనే, అన్నాడు సర్జన్. అంబులెన్స్‌లో ముందే తెచ్చి ఉంటే కాలు దక్కేదా అని అడిగాను. "చెప్పలేం," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది, అవునని గానీ కాదని గానీ తేలకుండా.

ఆపరేషన్‌కు ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. మామ్మ వేలిముద్ర వేసింది. కింద దగ్గరి బంధువు సంతకం. పెన్ను పట్టుకుని నిలబడిపోయాను.

"బాబాయి వచ్చాక పెట్టిద్దాం మామ్మా," అన్నాను. బాబాయికి ఓడ మీద ఉద్యోగం, ఆ రోజు సముద్రంలో ఉన్నాడు. "నేను పెట్టను. ఇందాకటిది నా తప్పే కదా."

కాదు నాయనా అంటుందనుకున్నాను. ఆ మాట కోసమే అన్నానేమో కూడా.

"అవును, నీ తప్పే," అంది. "జీపు నువ్వే తెచ్చినావు. అయితే ఏటి, నిన్ను పారేసి ఇంకో మనవణ్ని తెచ్చుకోనా? ఎట్టు సంతకం."

పెట్టాను. నా పేరు నాకే చదవడానికి రానంత వంకరగా పడింది.

మామ్మ ఆ తర్వాత రెండేళ్లు బతికింది, చంకకర్రతో. పడ్డ రోజులున్నాయి, ఏడ్చిన రోజులున్నాయి. దీపం మానలేదు, తిట్టడమూ మానలేదు. నా తప్పు మళ్లీ ఎత్తలేదు, లేదని కూడా అనలేదు.

ఇప్పుడు నేను కరెంటు ఆఫీసులో జూనియర్ ఇంజనీరును. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు, లైన్లో కరెంటు లేదని రాసి సంతకం పెట్టేది నేనే. స్విచ్, దాని తాళం, లైన్‌ను నేలకు కలిపే ఎర్త్ రాడ్డు, ఒక్కొక్కటీ చూస్తాను. రాయనిది ఏదో మిగిలిపోయిందన్న భయం ప్రతిసారీ వస్తుంది. పోయిన వారం వాన సన్నబడ్డాక ఒక లైన్‌మన్ బెల్టు బిగించుకుని, "సార్, సైన్ కర్ దో, ఎక్కేస్తాను," అన్నాడు. ఆ భయం వచ్చింది. అది తగ్గేదాకా ఆగలేదు. అన్నీ మరోసారి చూసి పెట్టాను. అతను పని ముగించి దిగి, నేల మీద కాలు పెట్టేదాకా స్తంభం కిందే నిలబడ్డాను.