అర్ధరూపాయి విషయంలో మా పెదనాన్న

మా పెదనాన్న సామ్యేలు మాస్టారు ఇక లేరు. మొన్న ఆదివారం కొత్తగూడెంలో, ఆరాధన నుంచి తిరిగివచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కన్నుమూశారు. ఆ వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. వెంటనే దుఃఖాన్ని మించిన ఆగ్రహం కలిగింది. దాన్ని దాచుకుని ఈ నివాళి రాయలేను.

బడిలో చిత్రలేఖనం నేర్పిన ఆయనకు నాణేలంటే ప్రాణం. ఎవరికి పాత నాణెం దొరికినా ఆయన భూతద్దం ముందుకు తేవలసిందే. టేకులపల్లి నుంచి ఒక అవ్వ ఎంతో ఆశతో ఒకటి తెచ్చింది. దానికి విలువ లేదు. ముందు ఆమెకు అన్నం పెట్టించి, తర్వాతే ఆ సంగతి చెప్పారు.

గనిలో పనిచేసే మా నాన్నకు ఒకనాడు టీకొట్టు చిల్లరలో పాత అర్ధరూపాయి వచ్చింది. అక్షరాలు, గీతలు నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. అది ప్రదర్శన కోసం ప్రత్యేకంగా ముద్రించినదని, మాస్టారు ఔనంటే లక్షలకు కొంటానని ఖమ్మం వ్యాపారి ఒకడు ఆశపెట్టాడు. పెదనాన్న దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"అచ్చు కొత్తగున్నప్పుడు కొట్టిన్రు, గందుకే గింత పదును. ప్రత్యేకంగ చేసిందైతే బొమ్మ చుట్టూ అద్దంలెక్క మెరవాలె. ఇది మామూలుదే తమ్మీ."

"ఔనని ఒక్క మాట, అన్నా! నా కోసం అనరాదే?"

"గసొంటి మాట అననందుకే గదరా, నా మాటకు విలువున్నది."

నాన్న నాణెం తీసుకుని వెళ్లిపోయాడు. అన్న ఔనన్నాడని చెప్పి ఆ వ్యాపారికే అమ్మేశాడు. కొన్నాళ్లకు నిజం బయటపడి వ్యాపారి వీధిలో నిలబడి అరిస్తే, "మా అన్ననే చెప్పిండు, నాకేం ఎరుక?" అన్నాడు. ఊరు నమ్మింది. పెదనాన్న గడప తొక్కేవారే కరువయ్యారు. చర్చి సంఘంలో కూడా ఆయన పక్కన కూర్చునేవారు లేకపోయారు.

నేను అందరికీ నిజం చెబుతానంటే ఆయన ఒప్పుకోలేదు. "నాణెం గురించి ఎవరన్న అడిగితే చెప్త బిడ్డా. తమ్ముని గురించి చెప్ప. నేను పోయినంక నీ ఇష్టం."

ఎవరూ అడగలేదు. ఏళ్లు గడిచాయి.

సమాధి దగ్గర మా నాన్న అందరికంటే ముందు నిలబడి, "మా అన్న నోట ఏనాడూ అబద్ధం రాలే" అని ఏడ్చాడు. జనం తలలూపారు. తలూపిన వారిలో ఆయన్ను వెలివేసిన వారే ఎక్కువ.

పెదనాన్నా, ఆ అర్ధరూపాయి మామూలుదేనని మీరన్నారు. నేను విన్నాను. ఈ ఊరికి మరో నాణేల పరీక్షకుడు దొరకవచ్చు. మీవంటి అన్న మాత్రం మా నాన్నకు ఇక దొరకడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.