వంక తగ్గిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఊరివాళ్లకు నీళ్లను అనుమానించడం తెలియదు. రాజంపేట దాపున, కొండల కింద ఊరు మాది. ఏ కరువులో ఎవరు ఏం తిని బతికారో ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేవారు. వరద సంగతి మాత్రం మా అవ్వ ఒక్కతే చెప్పేది. కొండకు అవతల ఒక వంక ఒడ్డున ఉన్న ఆమె పుట్టిన ఊరు, ఆమె పసితనంలోనే కొట్టుకుపోయిందట. మా ఊరి పక్కనే ఎండిపోయి ఉండే వాగులో, అంటే మా వంకలో, ఆడుకునే మాకు ఆ మాట నమ్మబుద్ధయ్యేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పట్టింది. మా వంక ఎర్రగా పొంగింది. మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి నీళ్లు మోకాటి లోతుకు దిగిపోయాయి. జనం సంబరపడ్డారు. ఆడవాళ్లు బట్టలు, గిన్నెలు తీసుకుని వంకలోకి దిగారు. మగవాళ్లు చేపలకు పోయారు. అవ్వ మాత్రం గడపలో నిలబడి కొండ వైపే చూసింది. అక్కడ మబ్బు అలాగే ఉంది, వాన అలాగే కురుస్తోంది.

"వాన నిలబడ్లేదు, వంక యాల తగ్గింది? పైన యాడనో నీళ్లకు అడ్డం పడింది. తెంచుకొని వస్తాయి. గుట్ట ఎక్కండప్పా" అంటూ ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ కదల్లేదు. ముసలామెకు భయం పట్టుకుందన్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఆమెనే అనుమానించాను, మతి తప్పిందేమోనని. సిగ్గేసి దూరంగా నిలబడ్డాను.

అప్పుడు అవ్వ పక్కింటి మామ పాకలోకి పోయి, ఆయన చూడి మేకను విప్పి, గుట్ట వైపు ఈడ్చుకుపోసాగింది.

"ఏం పెద్దమ్మా, నా మేకను యాడికి పట్టుకపోతాండావు?" అని వంకలోంచి మామ అరిచాడు.

"నా ఇష్టం. చేతనైతే వచ్చి ఇడిపించుకో!"

మామ చేపల బుట్ట పారేసి పరిగెత్తాడు. వెనకే ఆయన భార్యాపిల్లలు. పట్టపగలు దొంగతనమంటూ కేకలు లేచేసరికి, తగాదా చూడ్డానికి ఊరంతా కదిలింది. నేను ఏడుస్తూ వెంటపడ్డాను. గుట్ట మీది చర్చి దగ్గర మామ మేకను లాక్కుని, అవ్వ మీదికి చెయ్యెత్తబోయాడు. అంతలోనే కొండలోంచి బండలు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. చెట్లతో, రాళ్లతో కలిసి వచ్చిన నీళ్లు మా ఇళ్ల మీదుగా పోయాయి. మామ మేక మెడ పట్టుకుని కూలబడ్డాడు.

కుమ్మరి తాత ఒక్కడు రాలేదు. మేకల తగాదా తనకెందుకని ఇంట్లోనే ఉండిపోయాడు. నీళ్లు తగ్గాక ఆయన దొరకలేదు.

తర్వాత ఊరు అవ్వను ఎంతో పొగిడింది. ఆమె చెవిన పెట్టలేదు. "దేన్ని ఎత్తుకపోయింటే ఆయప్ప నా వెంట వస్తాండెనో, నాకు తట్టలేదే" అని కుమ్మరి తాతను తలుచుకుని, తాను పోయేదాకా బాధపడింది.

ఇప్పుడు వాన పడితే ఫోన్లకు హెచ్చరికలు వస్తాయి. మావాళ్లు చూసి పక్కన పెట్టేస్తారు. కారణం లేకుండా తగ్గిన కష్టాన్ని నేను ఇప్పటికీ నమ్మను. అయితే అనుమానం బయటికి చెప్పినంత మాత్రాన ఎవరూ లేచి రారని కూడా తెలుసు. అందుకే మా వీధిలో ఎవరికి ఏదంటే ప్రాణమో కనిపెడుతూ ఉంటాను. ఎదురింటాయనకు స్కూటరు, పక్కావిడకు కుట్టుమిషను. వీధి చివర ఒంటరిగా ఉండే ఆయన సంగతే ఇంకా అంతుపట్టలేదు. రోజూ పోయి పలకరిస్తూనే ఉన్నాను.