చీనీకాయలతో కుప్పం దాకా

"కోల్డ్ స్టోరేజీ కాయ సచ్చిన కాయప్పా" అని పుంగనూరు మునెప్ప అన్న మాటే నన్ను బస్సెక్కించింది. మునెప్పది పళ్లరసాల అంగడి. ఆడపిల్లల హాస్టలుకు రోజూ చీనీరసం, అంటే బత్తాయిరసం, పంపేది ఆయనే. ధర లేక నిమ్మనపల్లెలోని మా తోట కాపంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టాను. ఆయన కూడా వద్దంటే ఇక కొనేవాళ్లు లేరు. నా కాయల్లో సత్తువ ఉందని రుజువు చేసే దాకా ఊరుకునేది లేదనుకున్నాను.

పొద్దున ఆరున్నరకు మదనపల్లెలో బయల్దేరాను. సంచిలో నెలన్నర చలిలో ఉన్న కాయలు ఆరు. ఏడుంబావుకు పుంగనూరులో దిగి, కుప్పం ల్యాబులో పరీక్ష చేయిస్తానని చెప్పి, పోటీకి తాజా కాయలు ఇమ్మని మునెప్పను అడిగాను. ఆయన సోమల ఊరి తోటలో ముందురోజు కోసినవి పిండి, వడకట్టి, రాగి సీసాలో పోశాడు.

"కాయలు యాల మోస్తావప్పా? రసమే ఎత్తుకపో. రాగిలో ఉంటే సత్తువ యాడికీ పోదు" అన్నాడు. దారిలో తినమని అవే కాయలు రెండు సంచి పక్క జేబులో దూర్చాడు. మంచి మనిషే, మొండితనంలో మాత్రం నాకు తోడబుట్టినవాడు.

ఇడ్లీ తిని ఎనిమిదింటికి కుప్పం బస్సెక్కాను. పలమనేరు దాటాక పక్క సీటు పెద్దావిడకు కడుపులో తిప్పింది. జేబులోంచి ఒక కాయ తీసిచ్చాను. తొక్క వాసన చూస్తూ, "యాడికప్పా ఈ సీనీకాయలు?" అంది.

"పరీక్షకమ్మా."

"కాయలకూ పరీక్షలా! మా మనవడు పరీక్షంటేనే పారిపోతాడు." ఆ మాటతో ఆమె తిప్పటం మరిచిపోయింది.

పదకొండుకు కుప్పం. నా మేనకోడలు హేమ అక్కడి కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. నా కాయ పిండి, రెండు రసాల్లోనూ గంజి కలిపి అయోడిన్ చుక్కలు వేసింది. విటమిన్ సి ఉన్నంతసేపూ నీలిరంగు నిలవదు. మునెప్ప రసం తొందరగానే నీలమైంది. నా కాయ చాలాసేపు నిలబడింది. ఎగిరి గంతేశాను.

"ఇది న్యాయం కాదు మామా. మీ కాయకు తొక్క కాపలా ఉండాది. ఆ రసానికి గాలీ ఎండా తగిలినాయి. పైగా రాగి! విటమిన్ సి బిరబిరా పోతాది. రాగి కూడా రసంలో దిగతాది, ఒంటికి మంచిది కాదు. పుల్లటిదేదీ రాగిలో పోయగూడదు. తాజా కాయ ఒక్కటి తెచ్చుంటే తెలిసుండేది" అంది హేమ.

తాజా కాయ ఒకటి సంచి జేబులోనే ఉంది. నిజం చెప్పొద్దూ, జిప్పు మూసేసి, రాగి సంగతి దాచేసి, గెలిచానని చెప్పుకుందామనిపించింది. కానీ దొంగ గెలుపుతో మునెప్ప ముఖం ఎట్లా చూసేది? కాయ తీసి ఇచ్చాను. అదే గెలిచింది, కాస్త తేడాతో.

ఒకటిన్నర బస్సుకు వెనుదిరిగి నాలుగున్నరకు అంగడి ముందు దిగాను. "నీ తాజా కాయదే పైచేయప్పా, కొంచెం. నా కాయ మాత్రం సావలేదు. సచ్చింది నీ సీసాలో రసం" అంటూ హేమ మాటలన్నీ చెప్పాను.

మునెప్ప నవ్వలేదు. చింతపండుతో తోమి బల్ల మీద పెట్టిన రాగి బిందె వైపు చూశాడు.

"ఇన్నాళ్లూ ఆ హాస్టలు పిల్లోళ్లకు దీంట్లోనే పంపిస్తాండానప్పా" అన్నాడు. దాన్ని దించి బల్ల కింద బోర్లించాడు. "రేపట్నించి కాయలే పంపిస్తా, ఒలుసుకోని తింటారు. నీయి ఎన్ని పెట్టెలుండాయి?"

ఆరు గంటల మదనపల్లె బస్సులో ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చలి నా కాయల్లోంచి తీసుకున్నది కొంచెమే. కాపు అమ్ముడుపోతుంది, సంతోషమే. కానీ మధ్యాహ్నం నేను ఆ జిప్పు మూసేసి ఉంటే, రేపు పొద్దున కూడా ఆ బిందె హాస్టలుకు వెళ్లేది.